చిన్న ఇంజనుకు అంత శక్తి ఎక్కడిది?

1961 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో ఇంగ్లండుకు చెందిన జాగ్వార్ కంపెనీ ‘ఇ-టైప్’ అనే స్పోర్ట్స్ కారును చూపించింది. పొడవాటి ముక్కు గల ఆ కారులో ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. దాని ఘనపరిమాణం 3,781 ఘన సెంటీమీటర్లు, అనగా సుమారు 3.8 లీటర్లు. శక్తి 265 అశ్వశక్తులని కంపెనీ ప్రకటించింది. 2020లో జపానుకు చెందిన టయోటా కంపెనీ ‘జి.ఆర్. యారిస్’ అనే కారును విడుదల చేసింది. దీనికున్నవి మూడే సిలిండర్లు. ఘనపరిమాణం 1,618 ఘన సెంటీమీటర్లు. అయినా ఐరోపాలో అమ్మిన ఈ కార్ల శక్తి 261 అశ్వశక్తులు! పాతదానిలో సగం కూడా లేని ఇంజనుకు ఇది ఎలా సాధ్యమైంది?

కొత్త ఇంజను వేగంగా తిరుగుతుంది కదా అని మీలో కొందరు అనవచ్చు. కొంతవరకు నిజమే. గరిష్ఠ శక్తి జాగ్వారులో నిమిషానికి 5,500 భ్రమణాల వద్ద, యారిస్‌లో 6,500 వద్ద లభిస్తుంది. కాని ఆ తేడా ఒక్కటే చాలదు. అసలు సంగతి గాలిలో ఉంది.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. కనుక ఇంజను ఎంత పెట్రోలును మండించగలదో నిర్ణయించేది సిలిండర్లలో చేరే గాలే. మామూలు గాలి లీటరుకు దాదాపు 1.2 గ్రాములు తూగుతుంది. ఇక లెక్క వేయండి. ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి ప్రతి సిలిండరూ ఒకసారి గాలి పీలుస్తుంది. ఆ విధంగా జాగ్వారు పీల్చగలిగేది ఎక్కువలో ఎక్కువ నాలుగున్నర గ్రాములు. దానితో మండే పెట్రోలు 0.3 గ్రాములు. యారిస్ తనంతట తాను పీల్చుకుంటే 2 గ్రాములైనా దక్కదు. కనుక అదే చోటులో రెట్టింపు గాలిని కుక్కాలి.

ఆ పని టర్బోచార్జరుది. పెట్రోలు ఇచ్చే ఉష్ణంలో ఇంచుమించు మూడోవంతు ఇంజను వదిలే వేడి వాయువులతో వృథాగా పోతుంది. ఆ వాయువుల దారిలో రెక్కల చక్రం ఒకటి అమర్చుతారు. దాని ఇరుసుకు రెండో చివరనున్న మరో చక్రం బయటిగాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తుంది. ఇవి నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి! స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు.

మరి కార్లలో ఇది కుదురుకోవడానికి అంతకాలం ఎందుకు పట్టింది? సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి సిలిండరులోని పెట్రోలు మిశ్రమం, మంట తనదాకా రాకముందే, తనంతట తానే భగ్గుమంటుంది. దీనినే నాకింగ్ అంటారు, పిస్టన్లు దెబ్బతింటాయి. అందుకే 1973 నాటి బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బోలో సంపీడన నిష్పత్తిని 6.9కి తగ్గించవలసి వచ్చింది. ఫలితంగా టర్బో వేగం పుంజుకునేదాకా ఇంజను మందకొడిగా ఉండి, ఆపైన ఒక్కసారిగా ఎగదన్నేది. నడిపేవాడికి గుండె గుభేలుమనేది!

నేడు నొక్కిన గాలిని రేడియేటరు వంటి ఇంటర్‌కూలరులో చల్లార్చి పంపుతారు. పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మితే అది ఆవిరవుతూ గాలిని ఇంకా చల్లబరుస్తుంది. నాకింగ్ మొదలైతే కంప్యూటరు వెంటనే పసిగట్టి సరిదిద్దుతుంది. అందుచేత యారిస్ నిష్పత్తి 10.5 వరకు పోగలిగింది. జాగ్వారుది 9 మాత్రమే. అయినా పెడలు నొక్కిన వెంటనే బదులు పలకడంలో టర్బో లేని పాత ఇంజనుదే నా దృష్టిలో పైచేయి.

ఇంకొక మాట. జాగ్వారు 265 అశ్వశక్తులు ఫాను, సైలెన్సరు వంటివి తగిలించకుండా కొలిచిన అంకె. యారిస్‌ది అన్నీ బిగించి కొలిచినది. రెండు కార్ల బరువూ ఇంచుమించు ఒకటే. నిలిచిన చోటు నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి జాగ్వారుకు సుమారు 7 సెకన్లు పట్టేది, యారిస్‌కు 5.5 చాలు. అయితే ఈ గెలుపంతా టర్బోది కాదు, యారిస్‌లో ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పుతుంది.