విజేతను తేల్చవలసినది ఒక్కనాటి ఆటేనా?

క్రీడా పోటీలలో విజేతను నిర్ణయించే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది లీగు పద్ధతి. ఇందులో ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నిటితో ఆడుతుంది. అధిక పాయింట్లు గడించిన జట్టు అగ్రస్థానం పొందుతుంది. రెండవది నాకౌట్ పద్ధతి. ఒక్కసారి ఓడిన జట్టు నిష్క్రమించవలసిందే. మొదటిది నిలకడకు పరీక్ష; రెండవది నిబ్బరానికి పరీక్ష. ఈ రెంటినీ సమన్వయపరచడానికి జరిగిన ప్రయత్నమే ప్లేఆఫ్‌ల చరిత్ర.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని బేస్‌బాల్. 1903లో అక్కడి నేషనల్, అమెరికన్ లీగుల అగ్రగాములైన పిట్స్‌బర్గ్, బోస్టన్ జట్లు తలపడినాయి. ముందుగా అయిదు ఆటలు గెలిచినవారే విజేతలని ఒప్పందం. తొలి నాలుగింటిలో మూడు పిట్స్‌బర్గ్ గెలుచుకొన్నది. పిమ్మట బోస్టన్ వరుసగా నాలుగు గెలిచి, 5–3 తేడాతో విజేత అయినది. మొదటి ఆటతోనే తీర్పు చెప్పి ఉంటే గెలుపు పిట్స్‌బర్గ్‌దే అయ్యేది! 1904లో న్యూయార్క్ జట్టు ఆడ నిరాకరించినందున పోటీ జరుగలేదు. 1905 నుండి ముందుగా నాలుగు గెలిచినవారిదే విజయమనే నియమం ఏర్పడి, 1919–21 సంవత్సరాలు మినహా, నేటికీ కొనసాగుతున్నది. 1969లో ఒక్కొక్క లీగును రెండు విభాగాలు చేసి, తుది పోరుకు ముందు మరొక అంచెను చేర్చినారు.

ఇక మన తెలుగునాటికి వద్దాము. ఐ.పి.ఎల్. క్రికెట్‌లో హైదరాబాదుకు ప్రాతినిధ్యం వహించిన డెక్కన్ ఛార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచింది. 2009లో పద్నాలుగు ఆటలలో ఏడు గెలిచి, ఏడు ఓడి, నాలుగవ స్థానంతో సెమీఫైనల్ చేరింది. పది ఆటలు గెలిచి అగ్రస్థానాన ఉన్న ఢిల్లీని అక్కడ ఓడించి, జోహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్లో బెంగళూరుపై 6 పరుగుల తేడాతో కప్పు గెలిచింది. మనకది పండుగే. కాని ఢిల్లీవారి పది విజయాలు ఒక్క రాత్రిలో వ్యర్థమైనవి గదా!

2011లో ఈ విధానం మారింది. మొదటి రెండు స్థానాల జట్లు తమలో తాము ఆడతాయి. గెలిచినది నేరుగా ఫైనల్‌కు పోతుంది. మూడు, నాలుగు స్థానాల జట్లలో ఓడినది ఇంటికి పోతుంది. గెలిచినది, పై ఆటలో ఓడిన జట్టుతో తలపడుతుంది. అంటే శ్రమించి పైకి వచ్చిన వానికి ఒక ఓటమి మన్నింపబడుతుంది. 2018లో అగ్రస్థానం పొందిన సన్‌రైజర్స్ హైదరాబాద్ చెన్నైతో ఓడినా, ఈ రెండవ అవకాశం వల్లనే ఫైనల్ చేరగలిగింది. 2016లో ఇదే జట్టు మూడవ స్థానంలో నిలిచినందున ఆ వెసులుబాటు లేకయే, మూడు ఆటలు వరుసగా గెలిచి విజేత అయినది. క్రింది స్థానంవారికి తలుపు మూయలేదు. దారి మాత్రం దుర్గమం చేసినారు. ఉర్దూలో ఇన్సాఫ్ అనేది దీనినే.

విద్యార్థులారా, ఇందులో మనకు పనికివచ్చే లెక్క ఒకటి ఉన్నది. నాలుగు జట్లకు నాకౌట్ పద్ధతిలో మూడు ఆటలు చాలు; ఈ పద్ధతిలో నాలుగు కావాలి. న్యాయానికి అయ్యే అదనపు ఖర్చు ఒక్క ఆట మాత్రమే!

మన తరగతుల మధ్య జరిగే క్రికెట్ పోటీలలో చీటీలు తీసి జట్లను జతపరుస్తున్నాము. నెలరోజులు సాధన చేసి, ఎమ్మిగనూరు వైపు పల్లెల నుండి తొలి బస్సుకు వచ్చిన పిల్లలు తొమ్మిది గంటలకే ఓడి, వేపచెట్టు క్రింద కూర్చుండడం నేను చూచినాను. తర్వాతి ఏడు వారిలో కొందరు జట్టులో చేరనే లేదు. నాలుగు తరగతులకు లీగు ఆటలు ఆరు, ఆపై నాలుగు, వెరసి పది. ఎనిమిదేసి ఓవర్లతో కొన్ని సాయంత్రాలలో ముగించవచ్చును. కమిటీ పెద్దలు ఈ విషయాన్ని సానుభూతితో పరిశీలింతురని నా మనవి. కష్టించిన విద్యార్థి ఒక్క పూట తడబడినంత మాత్రాన, వాని ఏడాది కృషిని మనము లెక్కనుండి కొట్టివేయరాదు.