బల్లయొద్ద పరిచర్య

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1–7

ఈ భాగమును నేను చాలకాలము తప్పుగా బోధించితిని. అపొస్తలులు గొప్ప పనియైన వాక్యమును తమకుంచుకొని, అన్నము వడ్డించు చిన్న పనిని ఇతరులకు అప్పగించిరని చెప్పుచు వచ్చితిని. గ్రామములో బావి త్రవ్వించుట, రోగికి మందిచ్చుట మొదలైనవి సువార్తకు దారి వేయు పనులే గాని సువార్త పని కావని నా శ్రోతలు గ్రహించిరి. నేనును అట్లే తలంచితిని.

మూలభాష నన్ను సరిదిద్దినది. మొదటి వచనములో విధవరాండ్రకు అనుదినము జరుగుచుండినది గ్రీకులో 'డియాకోనియా'. నాలుగవ వచనములో అపొస్తలులు వాక్యము విషయమై చేయుదుమనినదియు 'డియాకోనియా'యే. మన తెలుగు బైబిలు ఈ రెండు చోట్లను 'పరిచర్య' అని ఒకే మాట ఉంచినది. నడుమనున్న రెండవ వచనములోనో, బల్లలకు పరిచర్య చేయుట అనునది ఆహారము పంచిపెట్టుటగా మారినది. తెలుగు సాఫీగానే నడచినది. ఆ బల్లయొద్ద కూర్చున్న అనువాదకుడను నేనైనను అట్లే వ్రాసియుందునేమో. అయితే మూడు చోట్లను ఉన్నది ఒకే మాటయని చదువరికి తెలియకపోయెను.

ఇక సణుగుడు ఏల పుట్టెను? ఆహారము లేకపోయినందున కాదు. ఆహారమున్నది, పంచువారును ఉన్నారు. గ్రీకుభాష మాట్లాడు విధవరాండ్రు మాత్రము లెక్కలోనికి రాలేదు. అపొస్తలులు వారిని ఓదార్చి పంపివేయలేదు, ఎక్కువ ఆహారము తెప్పించలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుమని శిష్యుల సమూహమునకే చెప్పిరి. స్తెఫను మొదలుకొని నీకొలాసువరకు ఏడుగురివియు గ్రీకు పేర్లే. గ్రీకు పేరున్నంత మాత్రాన ఆ భాషవాడని గట్టిగా చెప్పలేము. అంద్రెయదియు గ్రీకు పేరే గదా. అయినను ఏడింటికి ఏడు అట్లుండుట యాదృచ్ఛికమని నాకు తోచదు. ఎవరు చిన్నచూపునకు గురియైరో వారివారి చేతికే బల్ల అప్పగింపబడెను.

ఈ సంగతి నాకు గ్రంథాలయములో కాదు, సూరతులో బోధపడినది. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నీరు విడిచినప్పుడు తాపీనది ఈ పట్టణమును ముంచివేసెను. సహాయము పంచుటకు కూడిన కొందరిలో నేనును ఒకడను. జాబితాను గుజరాతీలోను ఇంగ్లీషులోను మేమే వ్రాసితిమి. మగ్గముల పనికై తెలంగాణము నుండి వచ్చిన కుటుంబములు ఇచ్చట విస్తారముగా నున్నవి. అట్టి గల్లీలో ఒక వృద్ధురాలు నన్ను నిలిపి, "మా పేర్లు ఎవర్ని అడిగి రాసిన్రు, అయ్యగారూ?" అనెను. ఆమె పేరు జాబితాలో లేదు. ఆ వరుసలోని విధవరాండ్రలో ఎవరి పేరును లేదు. తెలుగువాడనైన నేను అడుగనే లేదు! మరునాడు ఆ గల్లీలోని ఇద్దరు స్త్రీలకే జాబితా అప్పగించితిమి. వారు కొన్ని పేర్లు చేర్చిరి. మేము వ్రాసిన రెండింటిని కొట్టివేసిరి.

సూరతునకు దక్షిణమున నున్న వల్సాడులో 1895లో విల్బర్ స్టోవర్ దంపతులు పని ఆరంభించిరి. వారిది అమెరికాలోని చర్చ్ ఆఫ్ ది బ్రెదరన్. (మన గోదావరి ప్రాంతపు బ్రదరెన్ సహవాసములు వేరు, ఇది వేరు.) అటుపిమ్మట ఆ సంఘమువారు సూరతునకు ఉత్తరమున అంకలేశ్వరములో గ్రామసేవా కేంద్రము స్థాపించి సేద్యము, ఆరోగ్యము, విద్యలకై పాటుపడిరి. 1950లలో అచ్చట సేవచేసిన వారిలో శాంతిలాల్ భగత్ అను భారతీయుడొకడు.

అదే సంఘము ఆఫ్రికాకును వెళ్లెను. 1923 మార్చి 17న స్టోవర్ కల్ప్, ఆల్బర్ట్ హెల్సర్ అను ఇద్దరు నైజీరియాలోని గర్కిడా గ్రామములో ఒక చింతచెట్టు క్రింద ఆరాధన జరిపిరి. మరుసటి సంవత్సరమే కల్ప్ భార్య రూత్ ప్రసవ సమయమున ఆ దేశములోనే మరణించెను. వారు బురా భాష నేర్చి, దానికి వ్రాత నిచ్చి, బడియు వైద్యశాలయు నడిపిరి. అయితే 1970లలో 'లఫియా' అను ఆరోగ్య కార్యక్రమము వచ్చినప్పుడు పద్ధతి మారెను. హౌసా భాషలో ఆ మాటకు క్షేమమని అర్థము. రోగి ఆసుపత్రికి నడచి వచ్చుటకై కనిపెట్టక, గ్రామస్థులకే తర్ఫీదునిచ్చి గ్రామములలో నిలిపిరి. నలువది మంచముల ఆసుపత్రి కట్టుటకంటె ఇది కష్టమైన పని. ఏలయనగా ఇందులో మిషనరీ తన అధికారమును వదలుకొనవలెను.

మన ఒంగోలు దీనిని ముందే చూచినది. 1876–78 కరవులో జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనెను. అతడు పూర్వము సర్వే పని చేసినవాడు. ఇతర గుత్తలలో మేస్త్రీల చేత దెబ్బలు తిన్న మాదిగలు అతని శిబిరమునకు వచ్చిరి. ఏలయనగా అచ్చట పనిని పర్యవేక్షించినది వారి స్వజనులైన తెలుగు బోధకులే. బాప్తిస్మము కోరినవారిని అతడు పదునైదు నెలలు ఆపివేసెను. కూలి కొరకు వచ్చినవాడెవడో క్రీస్తు కొరకు వచ్చినవాడెవడో కరవులో తేలదు. సహాయ ధనమంతయు పంచివేసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున క్లౌ ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అభిషిక్తులైన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు, నీటిలో నిలిచిరి.