పంపడం వేరు, అందడం వేరు: రేడియో మెసేజ్ నేర్పే పాఠం



ఫోన్‌లో మెసేజ్ పక్కన ఒక టిక్ పడితే పంపినట్టు, రెండు పడితే అవతలి ఫోన్‌కు చేరినట్టు. ఇది మన పిల్లలందరికీ తెలుసు. "మరి ఆ రెండో టిక్ ఎలా వస్తుంది?" అని ఒకసారి మీ అబ్బాయినో అమ్మాయినో అడిగి చూడండి. "నెట్ నుంచి" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. నెట్, సిమ్, టవర్ ఏవీ లేకుండా టెక్స్ట్ మెసేజ్ పంపే పద్ధతి ఒకటుంది. అదే అమెచ్యూర్ రేడియో. దీన్నే హామ్ రేడియో అంటారు. అందులో మెసేజ్ ఎలా వెళ్తుందో తెలిస్తే, ఫోన్ మనకు కనిపించకుండా చేసే పని కూడా అర్థమవుతుంది.

సిగ్నల్ పోయిన రోజు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. "మేం బాగానే ఉన్నాం" అనే ఒక్క మాట అయినవాళ్లకు చేరక ఎన్నో కుటుంబాలు కంగారుపడ్డాయి. అంతకు పదేళ్ల ముందు, 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చిన వేళకు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వేరే రేడియో కార్యక్రమం కోసం వెళ్లిన ఆ బృందం, అక్కడివాళ్ల క్షేమ సమాచారాన్ని తమ రేడియోల ద్వారా బయటికి చేరవేసింది. బ్యాటరీ, యాంటెన్నా, వాడడం తెలిసిన మనిషి ఉంటే హామ్ రేడియో పనిచేస్తుంది.

మెసేజ్ ఎలా వెళ్తుంది?

హామ్‌లు టెక్స్ట్ పంపడానికి వాడే పద్ధతుల్లో ఒకటి ఏపీఆర్‌ఎస్. అమెరికా నేవల్ అకాడమీలో పనిచేసిన బాబ్ బ్రునింగా దీన్ని రూపొందించారు. ఈ సౌకర్యం ఉన్న చేతి రేడియోలో, పాత కీప్యాడ్ ఫోన్‌లో లాగే బటన్లు నొక్కి టైప్ చేయవచ్చు. ముందు అవతలివారి కాల్‌సైన్, తర్వాత విషయం. విషయానికి ఖాళీలతో కలిపి 67 అక్షరాలే చోటు. అవి కూడా ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి, తెలుగు మాటనైనా ఆ లిపిలోనే రాయాలి.

రేడియో ఆ అక్షరాలను రెండు స్వరాలుగా మారుస్తుంది. ఒకటి 1200 హెర్ట్జ్, రెండోది 2200 హెర్ట్జ్. సెకనుకు 1200 బిట్ల వేగంతో మెసేజ్ అంతా సుమారు ఒక సెకనులో వెళ్లిపోతుంది. పిల్లలు ధ్వని పాఠంలో చదివే హెర్ట్జ్ ఇక్కడ నిజంగా పనిచేస్తూ కనిపిస్తుంది.

చేతి రేడియో శక్తి తక్కువ కాబట్టి, కొండమీదో ఎత్తైన భవనం మీదో ఉన్న 'డిజిపీటర్' అనే స్టేషన్ ఆ మెసేజ్‌ను విని, మళ్లీ ప్రసారం చేస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా 145.825 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఇలాంటి ఏర్పాటు ఉంది.

అందినట్టు ఎలా తెలుస్తుంది?

అసలు పాఠం ఇక్కడుంది. పంపే రేడియో ప్రతి మెసేజ్‌కు ఒక నంబర్ వేస్తుంది. అందుకున్న రేడియో "ఫలానా నంబర్ అందింది" అని దానంతట అదే రసీదు పంపుతుంది. రసీదు రాకపోతే మొదటి రేడియో కొంతసేపు ఆగి మళ్లీ పంపుతుంది. కొన్ని ప్రయత్నాల తర్వాత మానేస్తుంది.

ఒక్కోసారి మెసేజ్ అందుతుంది కానీ రసీదు దారిలో పోతుంది. అప్పుడు అదే మెసేజ్ మళ్లీ వచ్చినా, నంబర్ చూసి అది పాతదేనని రేడియో గుర్తుపడుతుంది. అంటే రసీదు రానంత మాత్రాన మెసేజ్ అందలేదని చెప్పలేం. రసీదు వచ్చినంత మాత్రాన మనిషి చదివినట్టూ కాదు. రేడియో బల్లమీద ఉండి, మనిషి పక్కగదిలో ఉండవచ్చు.

పంపడం, అందడం, చదవడం మూడూ వేర్వేరు. ఇది పిల్లలకు తెలిస్తే, స్నేహితుడు వెంటనే రిప్లై ఇవ్వలేదని అలగడం తగ్గుతుంది. పిల్లలు ఫోన్ ఎత్తకపోతే మన కంగారు కూడా కొంత తగ్గుతుంది.

ఇంకో సంగతి: హామ్ రేడియోలో రహస్యాలు ఉండవు. రహస్య సంకేతాల్లో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఒకరికి పంపినా, ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్నవాళ్లెవరైనా చదవగలరు. "ఇది పదిమందీ చదివినా ఫర్వాలేదా?" అనే ప్రశ్న ఫోన్ వాడే పిల్లలకూ అవసరమే.

ఇంట్లో చేసి చూడండి

ముగ్గురు మూడు గదుల్లో ఉండండి. ఒకరు పంపేవారు, ఒకరు డిజిపీటర్, ఒకరు అందుకునేవారు. తుఫానులో చిక్కుకున్నట్టు ఊహించి, ఇంగ్లిష్ లిపిలో 67 అక్షరాలు మించకుండా చీటీ రాయమనండి. నంబర్ వేయడం మరవద్దు. డిజిపీటర్ చీటీని మార్చకుండా చదివి వినిపించాలి. అందుకున్నవారు నంబర్ చెప్పి "అందింది" అనాలి.

"ఇక్కడ పరిస్థితి అస్సలు బాగోలేదు, త్వరగా రండి" అని రాస్తే ఎక్కడికి రావాలో, ఏం తేవాలో తెలియదు. "నలుగురం క్షేమం. భీమిలి హైస్కూల్ లో ఉన్నాం. ఇన్సులిన్ కావాలి" అని రాస్తే ఎంతమంది, ఎక్కడ, ఏం కావాలి అన్న మూడూ చేరతాయి. అదీ 67 లోపే. పరీక్షలో సూటిగా జవాబు రాయడానికి కూడా ఇదే అభ్యాసం.

ఆసక్తి ఉంటే

మన దేశంలో 12 ఏళ్లు నిండినవారు అమెచ్యూర్ రేడియో లైసెన్స్ పరీక్ష రాయవచ్చు. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం లైసెన్స్ ఇస్తుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు. లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం నేరం కాబట్టి, పిల్లలు ముచ్చటపడ్డారని ఆన్‌లైన్‌లో రేడియో కొనేయకండి. ముందు చదువు, తర్వాత పరీక్ష, ఆ తర్వాతే రేడియో.

ఈ ఆదివారం చీటీల ఆట ఆడి, మీ పిల్లలు రాసిన మెసేజ్‌ను డైరీలో అంటించి పంపండి. క్లాసులో అందరం కలిసి చదువుతాం. అందినట్టు రసీదు కూడా అదే డైరీలో రాసి పంపుతాం.