చెరువు పనికి, ముంపు వీధికి వాడిన పడవ: కొనే ముందు చేయవలసిన పరీక్షలు

గత వర్షాకాలంలో ఒకే వారంలో ఇద్దరు ఒకే ప్రశ్నతో నా వద్దకు వచ్చారు. ఒకరు మత్స్యకార సహకార సంఘం పెద్ద. మరొకరు అశోక్‌నగర్‌లో మా వీధి అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి. "కొత్తది కొనే స్తోమత లేదు సార్, పాత ఫైబర్ పడవ చవకగా వస్తోంది, తీసుకోవచ్చునా?" అన్నదే ఆ ప్రశ్న. సేద్యశాస్త్రం బోధించేవాడిని అడగవలసిన ప్రశ్న కాదు. అయినా చెరువుల్లో కలుపు మొక్కలు, నీటి నమూనాల కోసం పాత పడవల మీద కొన్నేళ్లు తిరిగిన అనుభవంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

కార్యదర్శి ప్రశ్న విన్నవారు నవ్వవచ్చు. ఈ ప్రాంతంలో పాతకాపులు మాత్రం నవ్వరు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, నల్లకుంట ప్రాంతాల మీదుగా సాగి గోల్నాక వద్ద మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో సుమారు 24 సెంటీమీటర్ల వర్షం నమోదైనప్పుడు ఈ నాలా పక్క ఇళ్లు మునిగి, జనాన్ని పడవల మీద తరలించవలసి వచ్చింది. 2020 అక్టోబరులో నగరంలోని అనేక కాలనీలకు అదే స్థితి ఎదురైంది. మత్స్యకారుల అవసరం వేరు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో లోతు పెరిగింది. నడుము లోతు నీటిలో తెప్ప మీద వల వేసినవారికి ఇప్పుడు నిలకడైన పడవ కావాలి.

పాత ఫైబర్ పడవను పరిశీలించేటప్పుడు ముందుగా రంగును అనుమానించాలి. కొత్తగా పూసిన రంగు పగుళ్లను, బుడిపెలను కప్పివేస్తుంది. మా పరిశోధన బృందం ఒకసారి ఇలాగే మోసపోయింది. తళతళలాడే పడవను మధ్యవర్తి మాట మీద కొన్నాం. నెల తిరగకుండానే మోటారు బిగించిన వెనుక పలక మెత్తబడి, బోల్టులు చేతితో కదిలించినా ఊగాయి. పైన ఫైబర్ పొర బాగానే ఉంది, లోపలి ప్లైవుడ్ మాత్రం కుళ్లిపోయింది. కర్రలో తేమ ఇరవై శాతం దాటితే శిలీంధ్రాలకు అనుకూలం. ధాన్యాన్ని పద్నాలుగు శాతం లోపుకు ఆరబెట్టమని రైతులకు చెప్పే నేనే ఆ పలక తేమ చూడలేదు.

కనుక రూపాయి బిళ్లతో పడవ అడుగును, పక్కలను, ముఖ్యంగా వెనుక పలకను జానెడేసి దూరంలో తట్టుతూ పోవాలి. గట్టి చోట ఖంగుమంటుంది. పొరలు విడిన చోట, నీరు చేరిన చోట మొద్దుగా పలుకుతుంది. కర్ర పడవ అయితే పలకల అతుకుల వద్ద స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడాలి. మొన సులువుగా దిగితే ఆ బేరం వదులుకోవడం మేలు.

తరువాత తూకం. పడవ మునగకుండా బల్లల కింద నింపే నురగ పదార్థం ఏళ్ల తరబడి నీరు పీల్చుకుంటుంది. ధాన్యం కాంటాలు రెండు తెచ్చి ముందొకటి, వెనుకొకటి ఉంచి తూచండి. అదే అచ్చులో పోసిన మరో పడవ కంటే బాగా బరువు తూగితే లోపల నీరున్నట్లే.

ఎంత బరువు మోయగలదో అమ్మేవాని మాట మీద వదలకండి. నాలుగు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గల పడవ నీటిని తాకే వైశాల్యం, కొనలు సన్నబడినందున, ఇంచుమించు 3.6 చదరపు మీటర్లు. అంటే 36 కిలోల బరువు పెరిగిన ప్రతిసారీ అది ఒక సెంటీమీటరు దిగుతుంది. అరవై కిలోల మనుషులు ఐదుగురు, తడి వల అరవై కిలోలు కలిపితే పది సెంటీమీటర్లు. ఇంత బరువుకు సమానమైన ఇసుక బస్తాలు వేసి, నీటిలో ఒక పూట ఉంచి చూడాలి. నీటి మట్టం పైన పక్క గోడ జానెడైనా మిగలకపోతే ఆ బరువు దానికి ఎక్కువ. అడుగున ఎంత నీరు ఊరిందో కూడా ఈ పరీక్షలోనే తెలుస్తుంది.

పడవల గురించి రాసేవారు సాధారణంగా విడిచిపెట్టే విషయం ఒకటుంది. నా దృష్టిలో మత్స్యకారులకు ఇదే పెద్ద ప్రమాదం. పాత పడవ ఏ చెరువు నుంచి వచ్చిందో అడగండి. గుర్రపుడెక్క ముక్క ఒక్కటి బల్ల కింద అంటుకొని వచ్చినా చాలు, అనుకూల పరిస్థితుల్లో రెండు వారాల్లోపే అది రెట్టింపవుతుంది. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి సజీవంగా ఉంటాయి. ఒకసారి చెరువు కప్పేసిన తరువాత దాన్ని తొలగించడానికయ్యే ఖర్చు ముందు పడవ ధర లెక్కలోకే రాదు. పడవను గట్టున బోర్లించి, బురదంతా గీకి, కడిగిన నీరు చెరువులోకి పోకుండా చూసి, వారం పది రోజులు ఎండలో ఆరనిచ్చి, ఆ తరువాతే దింపాలి.

మోటారు బిగిస్తే 2021 అంతర్గత నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ వర్తిస్తాయి. కాగితాలు లేని మోటారు పడవ ఎంత చవకైనా వద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో జరిగినదాన్ని మనం చూశాం. లైఫ్ జాకెట్లు మాత్రం పాతవి కొనకండి.

అపార్ట్‌మెంట్ సంఘానికి నేను మోటారు వద్దన్నాను. వరద నీటిలో ప్రహరీలు, మూతలేని మ్యాన్‌హోళ్లు, స్తంభాలు కనబడవు. పైగా ప్రవాహం నాలా వైపే లాగుతుంది. అడుగు బల్లపరుపుగా ఉన్న తేలిక పడవ, రెండు తెడ్లు, ముందూ వెనుకా చెరొక పొడవాటి తాడు, పట్టుకొని నడిచే ఇద్దరు మనుషులు చాలు. ప్రవాహం వడిగా ఉంటే అదీ దింపరాదు. సహాయక సిబ్బంది వచ్చే వరకు మేడపైనే ఉండాలి.

కార్యదర్శి పడవను సెల్లార్‌లో భద్రపరుస్తామన్నారు. వాన వస్తే ముందు నిండేది సెల్లారే. మెట్ల పక్కన, నీడలో, ఇటుకల మీద బోర్లించి ఉంచమని చెప్పి, ముందు గేటు వెడల్పు కొలిచి రమ్మన్నాను. 1.1 మీటర్లు వచ్చింది. చూసిన పడవ వెడల్పు 1.2 మీటర్లు. ఇప్పుడు వారు మరికొంత సన్నని పడవ కోసం వెతుకుతున్నారు.