ఆపినా ఆగని వేడి

ఉత్తర అమెరికాలోని శీతల ప్రాంతాలలో అనేక గృహాలను వేడినీటితో వెచ్చగా ఉంచుతారు. బాయిలర్‌లో కాగిన నీటిని పంపులు గొట్టాల ద్వారా గదులకు చేరుస్తాయి. ఇంటిని విభాగాలు చేసి, ఒక్కొక్క దానికి ఒక థర్మోస్టాట్‌ను అమరుస్తారు. అది కోరినప్పుడే ఆ విభాగానికి వేడినీరు వెళ్ళాలి. కాని ఒక్కొక్కప్పుడు ఎవరూ కోరకుండానే మేడగది ఉడికిపోతుంది. ఇంధనం వృథా, నిద్ర కరవు!

దీనికి మూలం నీటి స్వభావంలోనే ఉంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీరు సుమారు 998 గ్రాములు తూగుతుంది; 80 డిగ్రీల వద్ద 972 గ్రాములే. ఈ స్వల్ప భేదం వల్లనే పంపు ఆగి ఉన్నా వేడినీరు పైకెక్కుతూ, చల్లనినీరు కిందికి దిగుతూ ఉంటుంది. పంపులు లేని రోజులలో ఈ గుణాన్ని నమ్ముకొనే ఇళ్ళను వెచ్చజేసేవారు. నాటి ఉపాయమే నేడు లోపమైంది.

పరీక్షింపక ఏ భాగాన్నీ మార్చరాదు. థర్మోస్టాట్‌ను తగ్గించి, కొంతసేపు ఆగి, ఆ విభాగానికి పోయే గొట్టాన్ని, తిరిగివచ్చే గొట్టాన్ని బాయిలర్‌కు దూరంగా ఉష్ణమాపకంతో చూడాలి. చేతితో తాకితే కాలవచ్చు. రెండూ వేడిగా ఉంటే నీరు పారుతున్నట్లే. అన్ని పంపులూ ఆగినా పారుతుంటే కారణం పైన చెప్పిన బరువు భేదం. పొరుగు విభాగపు పంపు తిరిగినప్పుడే పారితే, దాని ఒత్తిడి నీటిని పక్కదారి పట్టిస్తున్నదన్నమాట.

ఇట్టి ప్రవాహాన్ని ఆపడానికి బరువుతోనో స్ప్రింగుతోనో మూసుకొని ఉండే కవాటాన్ని వాడతారు. పంపు బలానికే అది తెరుచుకోవాలి. దానిలో తుప్పురవ్వ ఇరుక్కుంటే, కొత్త థర్మోస్టాట్ కొన్నా మేడగది చల్లబడదు.