ఇసుక నేలలో కబడ్డీ కోర్టు

  

మన హాస్టల్ వెనక స్థలమంతా ఇసుకే. సముద్రం దగ్గర కదా. కూతకు పోతే కాలు చీలమండ దాకా దిగబడతాది. పోయిన ఏడు మా గదిలో అమ్మాయికి అక్కడే కాలు మెలికపడింది. నెల రోజులు కుంటింది. ఇప్పుడు ఆటకు రమ్మంటే గట్టు మీద కూర్చుంటాది గానీ దిగదు. ఆమె మనలో అందరికన్నా మంచి రైడరు.

2023లో ఆసియా క్రీడల్లో మన దేశానికి నూరో పతకం తెచ్చింది ఆడవాళ్ళ కబడ్డీ జట్టే. స్కోరు 26-25. వాళ్ళు ఆడింది మ్యాట్ మీద. మనకు మ్యాట్ లేదు, మట్టి ఉంది.

ముందు కొలతలు. ఆడవాళ్ళ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. రెండు పక్కలా ఒక్కో మీటరు లాబీ ఆ 8లోనే వస్తుంది. మూలలు సరిగ్గా రావాలంటే లెక్కల్లో చదివిన పైథాగరస్ సిద్ధాంతం చాలు. తాడుతో ఒక పక్క 3 మీటర్లు, ఇంకో పక్క 4 కొలిస్తే, ఆ చివరలకు మధ్య 5 రావాలి. నాలుగు మేకులూ కొట్టినాక ఐమూలగా కొలవండి. రెండు వైపులా 14 మీటర్ల 42 సెంటీమీటర్లు వస్తే కోర్టు వంకర పోలేదని అర్థం.

ఇక మట్టి. ఇక్కడే మేము తప్పు చేసినాము. చెరువు బంకమట్టి గట్టిగా ఉంటాదని రెండు మీటర్ల ముక్కలో అది ఒక్కటే పరిచి చూసినాము. మూడు రోజుల ఎండకు ఎండిన చెరువు మాదిరి నెర్రెలు ఇచ్చింది. వేలు పట్టే నెర్రెలు! బంకమట్టి ఆరితే కుంచించుకుపోతుంది, అందుకని.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మతో చెప్పినాను. అమ్మ నవ్వి, "ఏందిమే, కళ్లం చేసేది చూడలేదా నువ్వు? ఇసుక కలపాల. పైన పుట్టమన్ను వెయ్యాల" అనింది. అమ్మ బడికి పోలేదు. మా గుడిసె గోడ అమ్మ పెట్టిందే, తుఫానుకు పైకప్పు పోయినా గోడ నిలిచింది. మేము యానాదులం. పుట్టలు తవ్వేవాళ్ళని ఆరో తరగతిలో నన్ను కొందరు ఎగతాళి చేసేవాళ్ళు. అది రాయకూడదనుకున్నాను గానీ రాసినాను.

చెదపురుగులు లోపలి నుంచి మెత్తటి బంకమన్ను తెచ్చి తమ ఉమ్ముతో అతికిస్తాయి. అందుకే పుట్టమన్ను ఆరితే రాయి. ఆస్ట్రేలియాలో చెదపుట్టలు పొడి కొట్టి టెన్నిస్ కోర్టులు వేసేవాళ్ళు. రాడ్ లేవర్ చిన్నప్పుడు ఆడింది ఇంటి దగ్గర వేసుకున్న అలాంటి కోర్టులోనే. ఆయన 1962లో, మళ్ళీ 1969లో, ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద టోర్నీలూ గెలిచినాడు.

అవ్వ మాత్రం పుట్ట ముట్టొద్దనింది. నాగులచవితికి పాలు పోసేది దానికే కదా. చివరికి పాడుపడి కూలిన పుట్ట మన్నైతే తెచ్చుకోమంది. అదే మంచిది, పాము భయం కూడా ఉండదు.

రెండోసారి మూడు గంపల చెరువు మట్టి, రెండు గంపల ఇసుక, ఒక గంప పుట్టమన్ను కలిపినాము. ఇసుకను నాలుకకు తాకించి చూడండి. ఉప్పగా ఉంటే వద్దు. వానాకాలం ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే నేల కూడా చెమ్మగిల్లి జారుతుంది. మట్టిని జల్లించి, నీళ్ళు చిలకరించి, ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదలాలి. రెండు మూడు ముక్కలైతే సరి. పొడి అయిపోతే నీళ్ళు చాలలేదు, అరచేతికి అంటుకుంటే ఎక్కువైనాయి.

కింద ఇసుకను బాగా తడిపి, దిమ్మిసతో కొట్టి, దాని మీద 5 సెంటీమీటర్ల చొప్పున రెండు పొరలు వేయాలి. ఒక్కసారే మందంగా పోస్తే పైన గట్టిపడి లోపల గుల్లగా ఉంటాది. కోర్టు నడిమి పక్కల కన్నా 4 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి, నీళ్ళు రెండు వైపులా పోవడానికి. ఆఖరున పేడనీళ్ళతో అలికితే దుమ్ము లేవదు. గీతలకు ముగ్గు పిండి చాలు. సున్నం కంట్లో పడితే మంట.

ఆ ముక్క మీద మొన్న వాన పడింది. ఒక పూట ఆరనిచ్చి మడమతో తొక్కి చూసినాను. దిగలేదు.

మొత్తం కోర్టుకు లెక్క: 12 × 8 × 0.10 = 9.6 ఘనపు మీటర్లు. దిమ్మిస దెబ్బకు మట్టి అణుగుతుంది కాబట్టి 12 కావాలి. ఇసుక మనదే. పుట్టమన్ను పైపొరకు మాత్రమే వేస్తే ముప్పై గోతాలు సరిపోతాయి, మా నాయన వాళ్ళు తెస్తామన్నారు. చెరువు మట్టి మూడు ట్రాలీలు రావాలి. మన వైపు పెద్ద వానలు అక్టోబరులో మొదలవుతాయి, ఆ లోపలే కొట్టడం అయిపోవాలి. మేడమ్ గారు ట్రాలీలకు ఒప్పుకుంటే ఆదివారం నుంచి మొదలుపెడతాము. గంపలు ఆరు ఉన్నాయి, ఇంకా పది కావాలి. దిమ్మిస ఒకటే ఉంది. మా గది అమ్మాయి గంపలు లెక్క రాస్తానని ఒప్పుకుంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని