వాచీకి కీ ఇవ్వడం

వాచీకి కీ ఇవ్వడం కూడా నేర్చుకోవలసిన విద్యేనా అని విద్యార్థి మిత్రులు నవ్వవచ్చు. 1979 మార్చి దాకా నేనూ అలా నవ్వినవాణ్ణే.

బి.ఎస్సీ.లో చేరిననాడు నాన్నగారు తమ చేతి హెచ్.ఎం.టి. జనతా విప్పి నాకు కట్టారు. ఆ తరవాత ఆయన ఇంట్లో గోడగడియారం చూసుకునే బడికి వెళ్ళేవారు. ఫిజిక్సు పరీక్ష ముందు రాత్రి, హాల్లో ఆగిపోతుందేమోనన్న భయంతో కీ తిప్పుతూనే పోయాను. బిగిసింది. ఇంకొక్క చుట్టు అనుకున్నాను. లోపల 'టక్'మంది. ఆపైన ఎంత తిప్పినా కీ వదులుగా తిరగడమే! పరీక్షంతా ఇన్విజిలేటరు గారి చేతివంక చూస్తూ రాశాను. చివరి ప్రశ్న మిగిలిపోయింది.

మర్నాడు వాచీ మేస్త్రీతో "కీ ఎక్కువైందండీ" అన్నాను. ఆయన కంటి భూతద్దం తియ్యకుండానే "నిండిన కుండలో ఇంకా నీళ్ళు పడతాయా బాబూ? ఆగమన్నచోట ఆగలేదు, అంతే" అన్నారు.

ఆయన చూపించినదే చెబుతాను. బ్యారెల్ అనే చిన్న డబ్బీలో సుమారు అడుగు పొడవు స్ప్రింగు చుట్టుకొని ఉంటుంది. పైకొస డబ్బీ గోడకు, లోకొస నడిమి ఇరుసుకు తగిలించి ఉంటాయి. మనం కీ ఇస్తే అది ఇరుసు చుట్టూ బిగుస్తుంది. వెనక్కి విప్పుకోకుండా పళ్ళచక్రాన్ని ఒక చిన్న కొక్కెం పట్టి ఉంచుతుంది. మనం వినే కిరకిర దానిదే. స్ప్రింగు పూర్తిగా బిగిశాక మన బలమంతా దాని కొసల మీద, ఆ పళ్ళ మీద పడుతుంది. ఏదో ఒకటి తెగక మానదు. అంతేగాని, నిండా కీ ఇచ్చినంతమాత్రాన ఏ వాచీ ఆగదు. నిండా ఉండీ ఆగిందంటే లోపల నూనె ఎండిందనో, దుమ్ము చేరిందనో అర్థం.

రోజూ ఒకే వేళకు కీ ఇవ్వాలి. జనతాలో బ్యాలెన్సు చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. స్ప్రింగు సడలేకొద్దీ దాని ఊపు తగ్గి టైము తేడా వస్తుంది. కీ ఇచ్చేముందు వాచీ చేతినుంచి విప్పండి. కట్టుకునే తిప్పితే సూదిలాంటి కీ కడ్డీ పక్కకు వంగుతుంది. బొటనవేలు, చూపుడువేలుతో కొద్దికొద్దిగా ముందుకు తిప్పాలి. వెనక్కి వచ్చేటప్పుడు వేళ్ళు తియ్యనక్కరలేదు, లోపలి పళ్ళు జారిపోతాయి. మొదటిరోజు బిగువు తగిలేదాకా ఎన్నిసార్లయిందో లెక్కపెట్టుకోండి. నాది ముప్పై. ఇరవై అయిదు దాటగానే నా వేళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి.

ఆటోమేటిక్ వాచీల్లో స్ప్రింగు పైకొస గోడవెంట జారేలా చేస్తారు. వాటిలో ఆ బిగువుకోసం వెతక్కండి. తేదీ ఉన్న వాచీ అయితే రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తేదీ మార్చవద్దు. ఆ వేళ తేదీ పళ్ళు పట్టులో ఉంటాయి.

జపాను సిటిజన్ వారి సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలైన ఆ వాచీల కంపెనీని మూసివేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. అయినా మీ తాతగారి బీరువాలో ఒకటి ఉండే ఉంటుంది. దొరికిన సంబరంలో వెంటనే నిండా కీ ఇచ్చెయ్యకండి. ఏళ్ళ తరబడి కదలని నూనె జిగురులా మారి ఉంటుంది. ముందు మేస్త్రీ చేత విప్పించి కడిగించండి.